అడుగుల లెక్క

భూమిని కొలవడం వామనుడికి ఒక్క అడుగు పని. ఆయన తర్వాత ఆ పనికి పూనుకున్న వాళ్ళకు మాత్రం అంత సుళువుగా సాగలేదు.

మా ఖమ్మం, భద్రాచలం వైపు అడవుల సంగతే చూడండి. 1819లో జార్జ్ ఎవరెస్టు అనే దొర కృష్ణా గోదావరుల నడుమ కొండలెక్కి, శిఖరం నుంచి శిఖరానికి కోణాలు కొలవబోయాడు. హిమాలయ శిఖరానికి తర్వాత పెట్టింది ఈయన పేరే. అడవి జ్వరం ఆయన్నీ, వెంట వచ్చిన పరివారాన్నీ పడగొట్టింది. ఒళ్ళు బాగుచేసుకోవడానికి మరుసటేడు ఆఫ్రికా కొసదాకా వెళ్ళవలసి వచ్చింది పాపం!

ఇప్పుడా బెడద లేదు. 2013 ఫిబ్రవరి 25న మన శ్రీహరికోట నుంచి ‘సరళ్’ అనే ఉపగ్రహం లేచింది. ఇస్రో, ఫ్రాన్సు వారు కలిసి చేసినది. సుమారు 800 కిలోమీటర్ల ఎత్తు నుంచి రేడార్ తరంగాన్ని కిందికి వదిలి, అది నీటిని తాకి తిరిగి రావడానికి ఎంతసేపు పట్టిందో చూసుకునేది. రానూ పోనూ సెకనులో దాదాపు రెండువందలో వంతు! బావిలో రాయి వేసి, చప్పుడును బట్టి లోతు అంచనా కట్టడం మనకు తెలియనిదా? ఇదీ ఆ కోవలోదే. ఇలాంటి ఉపగ్రహాలకు అసలు పని సముద్రాల మీద. శ్రీలంకకు దక్షిణాన సముద్రం, లెక్క ప్రకారం ఉండవలసిన మట్టానికి నూరు మీటర్లు దిగువన ఉంటుందట. అక్కడ భూమ్యాకర్షణ తక్కువ. ఓడలో పోయేవాడికి ఆ పల్లం తెలియనే తెలియదు.

ఇదంతా మా పెద్దమ్మకు గొప్పగా చెబుతుండేవాణ్ణి. ఇంతలో 2022 జూలై వచ్చింది. భద్రాచలంలో గోదావరికి 43 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఆ నెల 16న నీరు 71 అడుగులు దాటింది. 1986 ఆగస్టులో 75 దాటిన తర్వాత అంత వరద అదే.

శిబిరంలో బియ్యం మూట మీద కూర్చుని పెద్దమ్మ అడిగింది: “పైనుంచి అన్నీ కొలుస్తదంటివి గదరా! మరి ముందుగాల చెప్పరాదా?”

“అది పోయిన దారిన మళ్ళీ రావాలంటే పది రోజులు, ఒక్కోదానికి నెల పైన పడుతుంది పెద్దమ్మా. గోదారి గంట గంటకీ లేస్తుంది. పైగా పెద్ద వాన పడితే ‘సరళ్’ వంటి దాని తరంగం నీరసించిపోతుంది. చుట్టూ కొండలుంటే ప్రతిధ్వని కలగాపులగం.”

“మరెందుకది?”

మంచి ప్రశ్నే. మనిషి వెళ్ళి కొలబద్ద పాతలేని అడవి మలుపుల్లో కూడా అది ఏళ్ళ తరబడి నీటి ఎత్తు రాసిపెడుతుంది. నది నడక ఎలా మారుతోందో ఆ లెక్కల వల్ల తెలుస్తుంది. 2022 డిసెంబరు 16న అమెరికా, ఫ్రాన్సు కలిసి పంపిన ‘స్వాట్’ అయితే ఒక్క గీత వెంట కాక, ఇరుపక్కలా నీటి వెడల్పునంతా చూస్తుంది. అయినా దానికీ మళ్ళీ అదే దారికి రావడానికి 21 రోజులు.

ఏళ్ళ లెక్క ఉపగ్రహానిది. గంటల లెక్క ఘాట్ దగ్గర వానలో నిలబడి అంకె చదివే మనిషిది. మొదటిది చూసి రెండోవాణ్ణి ఇంటికి పంపించేస్తే కొంప మునుగుతుంది, నిజంగానే. మా పెద్దమ్మ మటుకు ఇప్పుడు 43 అనగానే మూట కడుతుంది.