మసి పట్టిన చుక్క

మా చిన్నప్పుడు మెట్టుగూడ రైల్వే క్వార్టర్సులో తెల్లబట్టలు ఆరేయడమంటే సాహసమే సుమండీ! అటు లాలాగూడ వర్కుషాపు, ఇటు రైలు పట్టాలు. బొగ్గింజను ఒక్కసారి పొగ వదిలిందంటే నాన్నగారి చొక్కానిండా నల్లచుక్కలే. అమ్మ విసుక్కోకుండా మళ్ళీ జాడించేది.

బొగ్గింజన్లు పోయాయి. ఇప్పుడు మెట్టుగూడలో మెట్రోరైలు నెత్తిమీంచి పోతోంది. ఆ మసి సంగతి నేనూ మరిచిపోయాను, మొన్న వేసవిలో ఓ రాత్రి మనవరాలు నన్ను డాబామీదికి లాక్కెళ్ళేదాకా.

"అమ్మమ్మా, అదుగో స్వాతి. దానికి తూర్పుగా గిన్నెలా వొంగిన చుక్కలే ఉత్తర కిరీటం. ఆ గిన్నెలో వో వింత చుక్క వుంది. తన మసి తనే పుట్టించుకుంటుంది!"

వీధిదీపాల వెలుగులో నాకు గిన్నే సరిగా ఆనలేదు. బైనాక్యులర్సు పెట్టుకుంటే ఆవగింజంత చుక్క కనిపించింది. దాని పేరు 'ఆర్ కరోనే బోరియాలిస్' అట. అది మసకబారుతుందని 1795లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ పిగట్ కనిపెట్టాడు. ఇన్నేళ్ళలో ఈ జాతివి దొరికింది చాలా కొద్ది. మన బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో తండ్రి పనిచేస్తుంటే అక్కడ చుక్కలు చూస్తూ పెరిగిన వేణు బప్పుగారు తర్వాత కావలూరులో అబ్జర్వేటరీ నిలబెట్టారు. బెంగుళూరు ఖగోళ భౌతిక సంస్థలో ఎన్. కామేశ్వరరావుగారు ఈ జాతి చుక్కలమీదే ఏళ్ళ తరబడి పరిశోధించారు.

మామూలు నక్షత్రాల్లో హైడ్రోజనే ఎక్కువ. ఇందులో అది లేదన్నట్టే. వున్నదంతా హీలియం, దాంతోపాటు బొగ్గుపదార్థం. వుండివుండి ఆ బొగ్గు పైకెగసి, చల్లబడి, మసిమేఘమై అడ్డం నిలుస్తుంది. కొద్ది వారాల్లోనే చుక్క వెయ్యిరెట్లకు పైగా మసకబారుతుంది. ఎప్పుడు మసకేస్తుందో, ఎప్పుడు తేరుకుంటుందో ఏ పంచాంగానికీ అందదు. 2007లో కమ్మిన మసక పూర్తిగా విడడానికి ఏళ్ళు పట్టింది.

"అయితే అన్నాళ్ళూ అది ఆరిపోయినట్టేనా?" అన్నాను.

"లేదమ్మమ్మా! లోపల వెలుగు ఎప్పటిలాగే వుంటుంది. మనకి కనబడదంతే. చివరికి ఆ వెలుగే మసిని నెట్టేస్తుంది."

నాకు అమ్మ గుర్తొచ్చింది. అమ్మకీ అలాంటి రోజులుండేవి. వంట వేళకి అయ్యేది, ఉప్పుకారాలు సరిగానే పడేవి, మొహంలో మాత్రం కళ వుండేది కాదు. జ్వరం లేదు, పోట్లాట లేదు. నాన్నగారు చప్పుడు చేయకుండా తిరిగేవారు. కొన్నాళ్ళకి వో తెల్లవారుజామున ముగ్గేస్తూ కూనిరాగం తీసేది. హమ్మయ్య అనుకునేవాళ్ళం.

నేను పదో క్లాసులో వున్నప్పుడు ఆ మౌనం నెలలపాటు సాగింది. ఓ సాయంత్రం వుండబట్టలేక, "నీకు మేమంటే యిష్టం లేదు, అందుకే మాట్లాడవు!" అనేశాను. అమ్మ ఏమీ అనలేదు. లాంతరు గ్లాసు ముగ్గుపిండితో తుడుస్తూ కూర్చుంది. ఆ మాట వెనక్కి తీసుకోడానికి నాకు ధైర్యం రాలేదు. వచ్చేసరికి అమ్మ లేదు.

ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి చెప్పనా? పది రోజులుగా మా అమ్మాయి ముభావంగా వుంటోంది. అడిగితే "ఏం లేదమ్మా" అంటోంది. నామీదే కోపమనుకుని నేనూ మూతి ముడుచుకు కూర్చున్నాను. తల్లి దగ్గర చేసిన తప్పే కూతురి దగ్గరా చేస్తున్నానన్నమాట! చుక్క మసిని చుక్కే నెట్టుకోగలదేమో, అన్నేళ్ళు ఒంటరిగా వేచివుండడం మనిషివల్ల అవుతుందా?

కిందికి దిగాను. వంటింట్లో దీపం వెలుగుతోంది. అమ్మాయి ఒక్కతే గోంగూర వలుస్తోంది.

"ఇంకా పడుకోలేదేమమ్మా?" అంది తలెత్తకుండానే.

"నిద్ర పట్టలేదే. ఆ కట్ట ఇలా ఇయ్యి," అని పక్కన చతికిలబడ్డాను. ఏమీ అడగలేదు. రెండో కట్ట సగమయ్యాక, అదే మెల్లగా నోరు విప్పింది.