గాలపు కర్రకు బంక

నాన్న గాలపు కర్ర కొస విరిగితే నేనే అతికించాను. రెండు ముక్కలూ ఏటవాలుగా చెక్కి, బడిలో అట్టలకు వాడే తెల్ల జిగురు రాసి, దారం చుట్టాను. శబరిలో నానేసరికి అతుకు ఊడింది. కొస, గాలం, చేప అన్నీ ఏటిపాలు. నాన్న ఒక్క మాట అనలేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

తపసి బంక ఏరి గిరిజన సహకార సంస్థకు అమ్మినవాళ్ళం. నీళ్ళు తగిలితే అది ఉబ్బుతుందని చిన్నప్పుడే చూశాను. అయినా డబ్బా మీద జిగురు అని రాసుంటే నమ్మేశాను!

నాన్న సంతలో కొన్న గుగ్గిలం కరిగించి, పెళుసుబారకుండా కాస్త నూనె కలిపేవాడు. ఎండకు మెత్తబడితే మళ్ళీ కాచేవాడు. నేనిప్పుడు రెండు గొట్టాల ఎపాక్సీ సమంగా కలుపుతున్నాను. వెదురు మీది నున్నటి తొక్క మాత్రం నాన్నలాగే కత్తితో గీకుతాను, లేకపోతే ఏ బంకా పట్టదు. తెల్లారేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వను, నాన్నను కూడా.