ఉల్లిపాయల దీవి, ఓపిక గల ఆట

జపాన్ అనగానే మనకు భూకంపాలు, బుల్లెట్ రైళ్లు, చెర్రీ పూలు గుర్తొస్తాయి. ఉల్లిపాయలు గుర్తొస్తాయా? అవాజీ దీవికి వెళ్ళొచ్చాక నాకు మాత్రం ముందు అవే గుర్తొస్తున్నాయి. వాటి వెనకాలే వినాయకచవితి కుడుము లాంటి ఒక బుల్లి రాక్షసుడు కూడా వచ్చి నిలబడతాడు. ఆ రాక్షసుడి సంగతి మీకు చెబుదామనే ఇది రాస్తున్నాను. ఈవిడేమిటి, వీడియో గేముల గురించి రాస్తోంది అనుకోకండి. మన ఇళ్లలో సంగతులే ఉన్నాయి ఇందులో.

ముందు దీవి గురించి చెప్పనివ్వండి. మా అబ్బాయి ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. వాడి దగ్గరికి నేనూ మావారూ వెళ్ళినప్పుడు రెండు రోజులు అవాజీకి తీసుకెళ్ళాడు. ఆ దీవిలో రైళ్లు లేవు. చిన్న రైలుమార్గం ఒకటి ఉండేదట, 1966లో తీసేశారు. కోబే నగరంలో బస్సెక్కితే గంటన్నరలో దీవి మీది సుమోతో అనే ఊళ్ళో దిగుతాం. దారిలో సముద్రం మీద ఒక వేలాడే వంతెన వస్తుంది. పొడవు 3,911 మీటర్లు. 1998లో తెరిచారు. రెండు స్తంభాల మధ్య దూరం లెక్కన 2022 దాకా ప్రపంచంలో ఇదే పెద్దది, ఆ ఏడు టర్కీలో కట్టిన వంతెన దీన్ని దాటింది. 1995 జనవరి 17న కోబేని కుదిపేసిన భూకంపం పుట్టింది ఇక్కడే. అప్పటికి ఈ వంతెన స్తంభాలు లేచి ఉన్నాయి. ఆ కుదుపుకి రెండు స్తంభాలూ ఒకదానికొకటి దాదాపు మీటరు దూరం జరిగాయట! లెక్కలు సరిచేసుకుని మళ్ళీ కట్టుకుపోయారు. బస్సులో ఆ మాట విన్నాక వంతెన దాటేదాకా నేను కిటికీలోంచి చూడలేదు సుమండీ.

అవాజీ ఉల్లిపాయలకు జపాన్ అంతటా పేరుంది. పొలాల పక్కన పాకలు వేసి, గుత్తులు గుత్తులుగా కట్టి గాలికి ఆరేస్తారు. కోస్తే కళ్ళు పెద్దగా మండవు. తియ్యగా ఉంటాయి. అబ్బాయి ఇంటికొచ్చాక వాటితో ఉల్లిపాయ పులుసు పెట్టాను. బెల్లం వెయ్యకుండానే సరిపోయింది, కాకపోతే చింతపండు కాస్త ఎక్కువ పట్టింది.

ఇంకో విశేషం. వాళ్ళ పాత పురాణంలో ఇజనాగి, ఇజనామి అని ఒక దేవతల జంట. ఆకాశంలోంచి ఈటెతో సముద్రాన్ని చిలికారట. మన క్షీరసాగర మథనం గుర్తొచ్చింది కదూ? ఆ జంటకు పుట్టిన దీవుల్లో మొదటిది అవాజీ. అలాంటి కథల దీవిలో, సుమోతో ఊళ్ళో 1954లో యూజీ హోరీ అనే ఆయన పుట్టాడు. బొమ్మల కథలు గీయాలనుకున్నాడు, పత్రికలకు రాశాడు, చివరికి కంప్యూటరు ఆటల్లోకి వచ్చాడు. 1986 మేలో ఆయన చేసిన ఆట పేరు డ్రాగన్ క్వెస్ట్. ఎనిక్స్ అనే కంపెనీ అమ్మింది. బొమ్మలు గీసింది అకిరా తొరియామా. మీ పిల్లలు టీవీలో డ్రాగన్ బాల్ చూసి ఉంటే ఆయన గీత మీకు తెలిసినట్టే. 2024 మార్చిలో ఆయన పోయారు. సంగీతం కొయిచి సుగియామా. అప్పటికే 55 ఏళ్ల పెద్దమనిషి, సినిమాలకూ ప్రకటనలకూ పాటలు కట్టిన చెయ్యి. 2021 టోక్యో ఒలింపిక్స్ మొదలైన రోజున దేశాల జట్లన్నీ మైదానంలోకి నడిచి వస్తుంటే ముందుగా మోగింది ఆయన కట్టిన ఈ ఆట సంగీతమే. ఆ సెప్టెంబరులోనే ఆయన కన్నుమూశారు.

సుమోతోలో బస్సు దిగితే నడిచేంత దూరంలో ఒక మైదానం ఉంది. చుట్టూ ఎర్ర ఇటుకల పాత నూలు మిల్లు భవనాలు. అక్కడే 2017లో ఆ ఆట పేర కంచు విగ్రహం పెట్టారు. కత్తీ డాలూ, వాటితోపాటు స్లైమ్. స్లైమ్ అంటే నేను చెప్పిన కుడుము రాక్షసుడు. ఆటలో మొట్టమొదట ఎదురయ్యే శత్రువు వాడే. హోరీ గారు ముందు నేలమీద ఒలికిన జిగురులా గీసిస్తే, తొరియామా దానికి కొస తేల్చి, రెండు కళ్ళూ ఒక నవ్వూ పెట్టాడట. నవ్వుతూ కొట్లాటకు వచ్చే రాక్షసుణ్ణి ఎక్కడన్నా చూశారా? దీవికి ఉత్తరాన ఉన్న పార్కులో 2021లో ఈ ఆటకు ఏకంగా ఒక ఊరే కట్టారు. పిల్లలకు బాగుంటుంది, పెద్దవాళ్ళకు కాళ్ళు నొప్పులు. నాకు మాత్రం కంచు విగ్రహం దగ్గరే బాగా అనిపించింది. నలభై, యాభై ఏళ్ల మగవాళ్ళు కూడా దాని పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుంటున్నారు.

ఇంతమందికి ఎందుకింత ఇష్టం? అక్కడే బల్లమీద కూర్చుని మా అబ్బాయిని అడిగాను. "నువ్వు ఆడితే తెలుస్తుందమ్మా" అన్నాడు. సరే, ఇవ్వరా అన్నాను.

నాకు తెలిసిన వీడియో గేములన్నీ తరుముకొచ్చేవే. ఒక్క క్షణం కన్ను తిప్పితే చచ్చిపోతాం. ఈ ఆట అలా కాదు. రాక్షసుడు ఎదురొస్తే, మనం ఏం చేస్తామో చెప్పేదాకా వాడు అలాగే నిలబడి ఉంటాడు. కొట్టాలా, మంత్రం వెయ్యాలా, మందాకు తినాలా, పారిపోవాలా? నాలుగు మాటలు తెరమీద ఉంటాయి. పొయ్యిమీద పాలు పొంగుతున్నాయని లేచి వెళ్ళి, కాఫీ కలిపి, మావారికిచ్చి వచ్చినా వాడు అక్కడే ఉన్నాడు! మనకోసం ఇంత ఓపిగ్గా ఆగినవాళ్ళు ఇంట్లో ఎవరన్నా ఉన్నారా చెప్పండి.

ఇంకోటి, పడ్డ కష్టం ఊరికే పోదు. మొదటి ఆటలో రాజుగారు 120 బంగారు నాణాలిచ్చి పొమ్మంటాడు. ఒక్కో స్లైమ్‌ని ఓడిస్తూ పైసా పైసా కూడబెట్టి వెదురు కర్ర నుంచి మంచి కత్తి దాకా కొనుక్కుంటూ పోవాలి. చచ్చిపోతే రాజుగారు లేపి, కాస్త చివాట్లు పెట్టి పంపిస్తాడు. సంచిలో డబ్బు సగం పోతుంది గానీ, నేర్చుకున్న నేర్పు ఎక్కడికీ పోదు. విచిత్రమేమిటంటే ఆట మొదలైన చోటినుంచే నీళ్ళ అవతల రాక్షసరాజు కోట కనిపిస్తూ ఉంటుంది. అక్కడికి చేరడానికే ఆటంతా పడుతుంది. అవాజీ ఒడ్డున నిలబడితే అవతలి ఒడ్డు అలాగే కనిపిస్తుంది. ఆ చిన్నప్పటి చూపే అందులోకి వచ్చిందేమోనని నా ఊహ.

ఆ రోజుల్లో ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకునే ఏర్పాటు లేదు. 20 అక్షరాల మంత్రం ఒకటి తెరమీద వస్తే కాగితం మీద రాసుకోవాలి. రెండో ఆటకి అది 52 అక్షరాల దాకా పెరిగింది. ఒక్క అక్షరం తప్పితే అంతే సంగతులు. ఎంతమంది పిల్లలు ఏడ్చి ఉంటారో! 1988 ఫిబ్రవరిలో మూడో ఆట వచ్చినప్పుడు బుధవారమని కూడా చూడకుండా వందలమంది పిల్లలు బడి ఎగ్గొట్టి దుకాణాల ముందు వరుస కట్టారు, పోలీసులు పట్టుకుని బుద్ధి చెప్పి పంపారు. ఇలాంటి ఆటలు పనిరోజున అమ్మకూడదని చట్టం చేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు, అది ఉత్తిమాట. తర్వాతి రెండూ సెలవురోజున అమ్మిన మాట మాత్రం నిజమే.

నేను చెప్పదలుచుకున్నది ఐదో ఆట గురించి, 1992లో వచ్చింది. ఇందులో కథానాయకుడు పుట్టినప్పటి నుంచి తండ్రి అయ్యేదాకా ఉంటుంది కథ. ఆరేళ్లప్పుడు నాన్న వెనకాల నడుస్తాడు. ఆకతాయిలు హింసిస్తున్న ఒక పులిపిల్లను కాపాడి, నేస్తం అయిన పిల్ల బియాంకా ఇచ్చిన రిబ్బను దానికి కడతాడు. కళ్ళముందే నాన్న కాలి చనిపోతాడు. పదేళ్లు బానిసగా రాళ్ళు మోస్తాడు. తప్పించుకుని తిరుగుతుంటే ఆ పులి పెద్దదై మీదికి దూకుతుంది, రిబ్బను వాసన చూసి గుర్తుపడుతుంది. అక్కడ నేను ఫోను పక్కన పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను, దాచేదేముంది.

తర్వాత పెళ్లి. భార్యకు కవలలు పుట్టాక ఆమెను రాక్షసులు ఎత్తుకుపోతారు. వెతుక్కుంటూ వెళ్ళిన ఇతన్నీ ఆమెనీ శపించి రాళ్ళుగా మార్చేస్తారు. ఆ రాతిబొమ్మను ఎవరో ఒక డబ్బున్నవాడికి అమ్ముతారు. వాడు తోటలో పెట్టుకుంటాడు, ఇంటికి మంచిదని. మన చేతిలో ఏమీ ఉండదు. ఎండలు, ఆకులు రాలడం, మంచు. ఆ ఇంటి పిల్లాడు పుడతాడు, నడక నేర్చుకుంటాడు. రాతిమనిషి కదలకుండా వాణ్ణి చూస్తూ నిలబడి ఉంటాడు. తన పిల్లలు ఎక్కడో పెరుగుతున్నారు. ఎనిమిదేళ్లు. చివరికి ఎనిమిదేళ్ల వయసున్న ఇద్దరు పిల్లలు దండం పట్టుకుని తోటలోకి వస్తారు. వాళ్ళు తన పిల్లలే.

మా అత్తగారు 2021 మేలో కరోనాతో పోయారు. మా అబ్బాయిని పెంచింది ఆవిడే అనాలి. ఆ నెలలో మనదేశం నుంచి వెళ్ళేవాళ్ళకు జపాన్ తలుపులు మూసుకుపోయాయి. వస్తే మళ్ళీ ఎప్పుడు వెళ్ళగలడో తెలియదు. వాడు రాలేదు. ఫోనులోనే చూశాడు అంతా. ఆ తర్వాత చాలాకాలం ముక్తసరిగా మాట్లాడేవాడు. "బాధ లేదురా వీడికి" అని మావారు పైకే అన్నారు. సుమోతోలో ఆ బల్లమీద కూర్చున్నప్పుడు చెప్పాడు. అప్పుడు ఒంటరిగా గదిలో ఈ ఆటే ఆడేవాడట, భాష నేర్చుకుందామని మొదలుపెట్టి. రాతిమనిషి ఘట్టం దగ్గర ఆపేసి రెండు నెలలు ముట్టుకోలేదట. "తోటలో మంచు పడుతుంటే నాన్నమ్మ పెరట్లో నందివర్ధనం చెట్టు గుర్తొచ్చిందమ్మా" అన్నాడు. మావారు అటు తిరిగి ఇటుకల మిల్లు వంక చూస్తూ ఉండిపోయారు. కాసేపటికి "ఆ ఆట నా ఫోనులో కూడా వస్తుందా?" అని అడిగారు.

ఈ ఆటలో నచ్చనివీ ఉన్నాయి. జూదశాల ఒకటి పెట్టారు, పిల్లల ఆటలో అదెందుకో. అన్నీ కలిపి పూర్తి చెయ్యడానికి ముప్పై గంటలకు తక్కువ పట్టదు. చదువుకునే పిల్లలకైతే రోజుకో అరగంట అని గీత గీసి ఇవ్వండి. ఎక్కడ ఆపినా గుర్తుంచుకునే ఏర్పాటు ఇప్పుడుంది కాబట్టి "ఇంకొక్క ఐదు నిమిషాలు" అనే బేరం చెల్లదు. మరో మాట, దేవలోకపు కత్తి దొరికినా మన కథానాయకుడి చేతిలో అది నిలవదు. లోకాన్ని కాపాడే వీరుడు అతను కాదు, అతని కొడుకు. ఇన్ని కష్టాలూ పడి, కత్తి తీసి కొడుకు చేతిలో పెట్టాలి. అది నాకు చాలా నచ్చింది.

మావారు లెక్కల మాష్టారు. తెనాలి వచ్చిన దగ్గర్నుంచి రాత్రి భోజనాలయ్యాక అద్దాలు పెట్టుకుని ఆడుతున్నారు. సందేహం వస్తే ఒసాకాకి ఫోను. ఇదివరకు "బాగున్నావా, డబ్బులున్నాయా" తప్ప మాట ఉండేది కాదు తండ్రీకొడుకులకి. ప్రస్తుతం పెళ్లి ఘట్టం దగ్గర ఆగారు. చిన్ననాటి స్నేహితురాలు బియాంకానా, షావుకారు కూతురు ఫ్లోరానా? ఇంగ్లీషులో ఆ అమ్మాయి పేరు నేరా. 2008లో వచ్చిన కూర్పు నుంచి ఆమె అక్కను కూడా చేర్చి ముగ్గుర్ని చేశారు, చిక్కు ఇంకా పెంచారు. ఆలోచించుకోమని ఒక రాత్రి గడువిస్తారు. ఊరంతా పడుకుంటుంది, బియాంకా ఒక్కతే నిద్రపట్టక మేలుకుని ఉంటుంది. అది చూసి కూడా ఈయన నాలుగు రోజులుగా తేల్చుకోవడం లేదు. షావుకారు కట్నం ఏమిస్తాడో కనుక్కోమని నిన్న అబ్బాయికి ఫోను చేశారు!