బాణం గుర్తు

మా నాన్న నమ్మింది బెనెడిక్ట్ ద్రావణాన్ని. తెనాలిలో మా పెరట్లో, గాజు గొట్టంలో ఆ ద్రావణానికి మూత్రం చుక్కలు కలిపి, కిరోసిన్ స్టవ్ మీద వేడిచేసి చక్కెర ఉందో లేదో చూసుకునేవారు. నీలం నీలంగానే ఉంటే నిశ్చింత. ఆకుపచ్చ, పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకు తిరిగిందా, ఆ పూట అమ్మ ఆయనకి అన్నం తగ్గించి వడ్డించేది. ఆ కిరోసిన్ వాసన ఇప్పటికీ గుర్తే. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే గానీ మూత్రంలోకి దిగదనీ, బాగా పడిపోతే ఆ గొట్టం చెప్పనే లేదనీ నాకు తెలిసింది చాలా ఏళ్లకి, నాకూ ఇన్సులిన్ మొదలయ్యాక.

అప్పటికి అమీర్‌పేటలో ఒరాకిల్ పాఠాలు చెబుతున్నాను. మైత్రీవనం ముందు చేతుల్లో కరపత్రాలు కుక్కే కుర్రాళ్లు, జిరాక్స్ షాపుల వేడి, జావానా డాట్‌నెట్టా తేల్చుకోలేక మెట్ల మీద నిలబడ్డ పిల్లలు. ఆ వయసులో అంకె అంటే నాకు మహా గురి. పొద్దున్నే పరగడుపున మీటరు ఎంత చూపిస్తే అదే నా ఆరోగ్యం అనుకునేదాన్ని.

2016లో పంజగుట్టలో డాక్టరుగారు చక్కెరను కనిపెట్టే సెన్సర్ పెట్టించారు. మెట్రో ఇంకా మొదలవలేదు, రోడ్డంతా దుమ్ము. జబ్బ వెనక రూపాయి బిళ్లంత ముక్క అతికించిన నర్సు ముఖం గుర్తు లేదు. "అయిపోయింది మేడమ్" అన్న గొంతు మాత్రం ఉంది. ఆ రకంలో అంకెలు మనకి కనిపించవు. రెండు వారాలయ్యాక డాక్టరే గ్రాఫు తీసి చూపించారు. చాలా రాత్రులు మూడు గంటల ప్రాంతంలో గీత 70 కిందికి జారింది. తెల్లారి తలనొప్పికి ఫ్యాను గాలి కారణమనుకునేదాన్ని.

"ఇదెంతవరకు నిజం సార్?" అన్నాను.

"ఇది చూసేది రక్తాన్ని కాదమ్మా, చర్మం కింద కణాల మధ్య ద్రవాన్ని. చక్కెర వేగంగా మారుతుంటే పది నిమిషాలు వెనకబడొచ్చు. అంకె కాస్త అటూ ఇటూ అయినా, గీత ఎటు పోతోందో చూడండి."

రాత్రి ఇన్సులిన్ తగ్గించారు. తలనొప్పులు పోయాయి. సెన్సర్ మీద నాకున్న గౌరవం అక్కడ పుట్టిందే.

2021లో ఫోన్‌తో చూసుకునే రకం వచ్చింది నా చేతికి. కరోనా రెండో విడత. ఇంటింటా విటమిన్ సి మాత్రలు. కొన్ని సెన్సర్లలో ఎక్కువ మోతాదు విటమిన్ సి అంకెను లేనిపోనిదిగా పెంచుతుందని డబ్బాలోని కాగితం చదివి తెలుసుకున్నాను. ఆ తర్వాత అలారం ఉన్నవి వచ్చాయి. ఒక రాత్రి 54 అంటూ మోగింది. వేలు గుచ్చి చూస్తే 112. ఎడమ చెయ్యి కింద పడేసుకుని పడుకున్నానంతే. ఒత్తిడికి అక్కడి ద్రవం తగ్గి అలా చూపిస్తుందట. అలాగని మీటరూ దేవుడేం కాదు. బంగినపల్లి మామిడి ముక్క తిన్న చేత్తో గుచ్చుకుంటే 290. చేతులు కడుక్కుంటే 170. అంతర్జాతీయ ప్రమాణాలు కూడా మీటర్లకి 15 శాతం తేడా ఒప్పుకుంటాయి. ఇప్పటి మంచి సెన్సర్లు సగటున రక్తపరీక్షకి పది శాతం అటూ ఇటూగా ఉంటాయి. 200 దగ్గర ఆ తేడాతో కొంపలేం మునగవు. 65 దగ్గర మునగొచ్చు.

మొన్న నా క్లాసులో ఒక కుర్రాడు, చిన్నప్పటినుంచీ టైప్ 1, కరీంనగర్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్నాడు, అడిగాడు: "ఈ సెన్సర్ పెట్టుకుంటే వేళ్లు గుచ్చుకోవడం మానేయొచ్చా మేడమ్?"

"మానేయకు నాన్నా. చెమటలు పట్టి, చేతులు వణుకుతుంటే ఫోన్ 110 అన్నా సరే, వేలు గుచ్చి చూడు. మీటరు చేతిలో లేకపోతే ముందు చక్కెర నోట్లో వేసుకో. వేసుకున్నాక ఫోన్లో అంకె ఇంకా దిగుతోందని కంగారుపడి మళ్లీ మళ్లీ తినకు, పావుగంట ఆగి వేలితోనే చూడు. పెట్టుకున్న మొదటి రోజు అంకెల్ని అంతగా లెక్కలోకి తీసుకోకు. ఫోన్లో అంకె పక్కనుండే బాణం కిందికి చూపిస్తుంటే మాత్రం 120 ఉన్నా బయల్దేరేముందు ఏదో ఒకటి తిను."

ఒక్కో సెన్సర్ ఖరీదు వేలల్లో ఉంటుంది, రెండు వారాలకే అయిపోతుంది. వాళ్ల నాన్న ఆటో నడుపుతాడు. నెలకి రెండు కొనలేరు. డాక్టరు మోతాదు మార్చినప్పుడు ఒకటి, మిగతా రోజులు స్ట్రిప్పులు అని కింద టీ కొట్టు దగ్గర కూర్చుని లెక్క వేసుకున్నాం. ఇంటర్వ్యూల వారానికి ఇంకొకటి అట్టిపెట్టుకుంటానన్నాడు.