ఒక ‘ఓ’నా... రెండు ‘ఓ’లా?

ఓ కుర్రాడు ఉద్యోగానికి దరఖాస్తు రాస్తున్నాడు. ‘ఇంత మంచి అవకాశాన్ని పోగొట్టుకోను’ అని ఇంగ్లిషులో చెప్పాలనుకున్నాడు. తీరా రాశాక అది ‘ఇంత మంచి అవకాశాన్ని వదులు చేయను’ అన్నట్టు తయారైంది. తేడా ఎక్కడంటే... ఒక్క ‘ఓ’ దగ్గర! పోగొట్టుకోవడమనే లూజ్‌లో ఒకటే ‘ఓ’. వదులుగా ఉండటమనే లూజ్‌లో రెండు. ఇతగాడు రెండోది వాడేశాడు. రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి కంప్యూటరు కూడా కిక్కురుమనలేదు.

అతనికి ఇంగ్లిషు రాదనుకుంటే పొరపాటు. డిగ్రీలో ఇంగ్లిషు పేపర్‌కి మంచి మార్కులే వచ్చి ఉండొచ్చు. చిక్కంతా చెవితో. అది తెలుగు చెవి. చొక్కా లూజు, చెప్పులు లూజు, కిరాణా కొట్లో టీ పొడి లూజు... చిన్నప్పట్నుంచీ విన్నది ఆ ఒక్క మాటే. ఇంగ్లిషువాళ్లు వదులుని ‘లూస్’ అంటారు, పోగొట్టుకోవడాన్ని ‘లూజ్’ అంటారు. మన ఊళ్లోకి వచ్చేసరికి ఇద్దరూ ఒకే ఇంటివాళ్లయిపోయారు. నోట్లో కలిసిపోయినవాళ్లను కాగితం మీద విడదీయాలంటే కష్టమే మరి.

ఇలా కలిసిపోయినవి ఇంకా చాలానే ఉన్నాయి. అప్లికేషనూ ఫారమే, కోళ్లు పెంచే చోటూ ఫారమే. ఇంగ్లిషులో మొదటిదానికి ‘ఓ’, రెండోదానికి ‘ఎ’. రోజూ రాసుకునేది డైరీ. పాలకేంద్రం బోర్డు మీద ‘డెయిరీ’ అని ఉన్నా, నోటికొచ్చేది డైరీయే. ఇంగ్లిషులో ఆ రెంటికీ అక్షరాలన్నీ అవే, మధ్యలో ‘ఐ’, ‘ఎ’ మాత్రం అటూ ఇటూ మారతాయి. ఆ మారడంలోనే ‘రాత్రిపూట డైరీ రాస్తాను’ అన్నది ‘రాత్రిపూట పాలకేంద్రం రాస్తాను’ అయిపోతుంది.

ఇక స్టేషనరీ సంగతి చెప్పనే అక్కర్లేదు. పుస్తకాలూ పెన్నులూ అమ్మే ఎన్నో దుకాణాల బోర్డుల మీద చివర్న ‘ఈ’ ఉండాల్సిన చోట ‘ఎ’ కనిపిస్తుంది. ‘ఎ’ ఉంటే ‘కదలకుండా ఉన్నది’ అని అర్థం. షాపు ఎటూ కదలదు కాబట్టి అదీ నిజమేననుకోవాలి! ఉత్తరం పెట్టే కవరుని ఎన్వలప్ అంటారు కదా... ఆ మాట ‘ఈ’తో మొదలవుతుంది, కాగితాల స్టేషనరీలోనూ ఆ ‘ఈ’యే ఉంటుందని గుర్తుపెట్టుకుంటే సరి. సెలవు చీటీలో కాలేజీ పెద్దాయన్ని ‘సూత్రం గారికి’ అని సంబోధించే పిల్లలకు పాత మాస్టార్లు చెప్పే చిట్కా ఒకటుంది. ప్రిన్సిపాల్ చివర ఉన్నది ‘పాల్’. అంటే నేస్తం. ఎంత కోపిష్ఠి అయినా సరే! అన్నట్టు, బ్యాంకు అప్పులో ‘అసలు’ కూడా ఈ ‘పాల్’ ఉన్న ప్రిన్సిపాలే.

మనమేమో దాదాపుగా పలికినట్టే రాసేవాళ్లం. ‘క’కు గుణింతం వస్తే చాలు, కొత్త మాటైనా రాసేస్తాం. ఇంగ్లిషుకి ఆ సుఖం లేదు. లండన్ దగ్గర కాక్‌స్టన్ అచ్చు యంత్రం పెట్టింది 1476లో. అప్పట్నుంచీ స్పెల్లింగులు మెల్లగా గట్టిపడుతూ వచ్చాయి, పలుకుబడి మాత్రం ఎటో వెళ్లిపోయింది. పైగా పండితుల చేతివాటం కూడా ఉంది. అప్పు అనే అర్థమున్న ‘డెట్’ ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో ‘బి’ లేదు. లాటిన్ మూలంలో ఉంది కదా అని తరవాత ఇరికించారు. దీవిని చెప్పే ‘ఐలండ్’లో ‘ఎస్’ అయితే మరీ అన్యాయం. ఆ మాటకీ లాటిన్‌కీ చుట్టరికమే లేదు, ఉందనుకుని చేర్చేశారు. పిల్లలు నేటికీ దాన్ని బట్టీ పడుతున్నారు.

రాసింది పైకి చదివితే తప్పులు దొరుకుతాయని ఇంగ్లిషు పుస్తకాలు చెబుతాయి. నిజమే, జారిపోయిన మాటలూ రెండుసార్లు పడ్డ మాటలూ అలా పట్టుబడతాయి. కానీ రెండు లూజుల్నీ ఒకేలా పలికే నోటికి ఆ చిట్కా ఏం పనిచేస్తుంది? పదిసార్లు చదివినా చెవికి తేడా తెలియదు. ఇక్కడ పనికొచ్చేది తెలుగే. అనుమానం వచ్చిన మాట తీసేసి అక్కడ తెలుగు మాట పెట్టి చూడాలి. ‘పోగొట్టుకోవడం’ కుదిరిందా, ‘వదులు’ కుదిరిందా? ‘దెయిర్’ అన్నచోట ‘వాళ్ల’ సరిపోతోందా, ‘అక్కడ’ సరిపోతోందా? ‘ఇట్స్’ రాసినప్పుడు ‘దాని’ అనుకుంటే పైన ఆ చిన్న కొమ్ము పెట్టక్కర్లేదు, ‘అది ఉంది’ అనుకుంటే పెట్టాలి. ‘సలహా’ అయితే అడ్వైస్‌లో ‘సి’, ‘సలహా ఇవ్వడం’ అయితే ‘ఎస్’. చెవి కలిపేసినవాటిని అర్థం విడదీస్తుందన్నమాట.

ఫోన్లూ సాఫ్ట్‌వేర్లూ ఇప్పుడు తెలివిమీరాయి. వెనకాముందూ మాటలు చూసి ఇలాంటివి చాలావరకూ పట్టేస్తున్నాయి. కాదనలేం. కానీ ‘ఇంటర్వ్యూకి ఇప్పుడు రాగలను’ అనే వాక్యంలో ‘నౌ’ చివరి అక్షరం మారి ‘నాట్’ అయితే? ‘రాలేను’ అని వెళ్తుంది. వ్యాకరణం నిక్షేపంగా ఉంటుంది, సాఫ్ట్‌వేర్ గీత గీయదు, పిలుపు మాత్రం రాదు. అందుకే ముఖ్యమైన ఉత్తరాన్ని రాసిన వెంటనే పంపకూడదు. రాసినవాడి కన్ను కాగితం మీద ఉన్నది చదవదు, తను అనుకున్నది చదువుతుంది. ఒక రాత్రి గడిచాకో, ఇంట్లో ఇంకొకరి చేతికిచ్చో చూసుకోవాలి. ‘అక్కా, ఒక్కసారి చదివిపెట్టవా’ అంటే పోయేదేముంది?

ఒక్క అక్షరమేగా అనుకుంటే బ్రిటన్‌లో జరిగింది వినాలి. 2009లో అక్కడ ‘టేలర్ అండ్ సన్’ అనే కంపెనీ మూతపడింది. కంపెనీల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం ఆ సంగతిని పొరపాటున ‘టేలర్ అండ్ సన్స్’ అనే మరో కంపెనీ ఖాతాలో రాసింది. కార్డిఫ్‌లోని ఆ కంపెనీ వందేళ్లు దాటినది, బతికున్నది! తప్పుని కొద్దిరోజుల్లోనే దిద్దారు. ఏం లాభం? దివాలా కబురు అప్పటికే పాకిపోయింది. సరుకిచ్చేవాళ్లు అరువు ఆపేశారు, కంపెనీ నిజంగానే కుప్పకూలింది. ఆ కార్యాలయానిదే బాధ్యత అని హైకోర్టు తేల్చింది 2015లో. తేడా ఎంతంటే చివర ఒక ‘ఎస్’.

మన ఇళ్లలో ఆ ‘ఎస్’లాంటి ప్రమాదం పేర్లలో ఉంది. శ్రీనివాస్‌కు ‘ఐ’ ఒకటా, ‘ఈ’లు రెండా, ‘వి’నా, ‘డబ్ల్యూ’నా? లక్ష్మిలో ‘ఎక్స్’ ఉందా, లేదా? ఏ స్పెల్లింగూ తప్పు కాదు, అన్ని కాగితాల్లో ఒకేలా లేకపోవడమే తప్పు. పదో తరగతి సర్టిఫికెట్‌లో పడిందే ఆ తరవాత అన్నిటికీ ఆధారమవుతుంది. పాస్‌పోర్టు దగ్గర తేడా బయటపడితే స్కూలు నుంచి బోర్డు దాకా తిరగాల్సి వస్తుంది. బోర్డుకి నామినల్ రోల్స్ పంపేముందు చాలా స్కూళ్లలో పిల్లలకు వివరాలు చూపించి సంతకం పెట్టిస్తారు. పిల్లలు పక్కవాళ్లతో కబుర్లాడుతూ పెట్టేస్తారు. ఇంటిపేరు ముందుందా వెనకుందా, తల్లి పేరు ఆధార్‌లో ఉన్నట్టే పడిందా, పుట్టిన తేదీలో 1, 7 తారుమారయ్యాయా... ఆ రోజే చూడాలి. అదీ పేరు మొత్తం ఒక్క చూపులో కాదు, పెన్సిలు పట్టుకుని, ఒక్కో అక్షరం కింద చుక్క పెట్టుకుంటూ.