తేలే దీవి మీద నుంచి అమ్మకి వీడియో కాల్

అమ్మ ఏలూరులో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నేనేమో పెరూ దేశంలో, సముద్రమట్టానికి 3,812 మీటర్ల ఎత్తున ఉన్న ఒక సరస్సులో, నీళ్ళ మీద తేలుతున్న గడ్డి దీవి మీద నిలబడి ఉన్నాను. ఇక్కడ ఉదయం 8 గంటలు. అక్కడ సాయంత్రం ఆరున్నర. ఫోన్‌లో సిగ్నల్ ఫుల్లుగా ఉంది.

"అమ్మా, ఇది చూడు. కింద నేల లేదు. అంతా గడ్డే!" అని కెమెరా తిప్పాను.

అమ్మ చిక్కుడుకాయ పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, ఒకే ఒక్క మాట అడిగింది. "కింద కుళ్ళిపోదటే?"

ఆ రోజు మా పడవలో ఇరవై మందిమి ఉన్నాం. ఆ ప్రశ్న మాలో ఎవరికీ రాలేదు.

పొద్దున్నే ఏడింటికి

అసలు కథ ఇది. నాకు డల్లాస్‌లో ఉద్యోగం. సెలవు పెట్టి, నా రూమ్మేట్‌తో కలిసి మాచు పిచ్చు చూడ్డానికి పెరూ వెళ్ళాను. అక్కడి నుంచి కుస్కో మీదుగా బస్సులో పూనో అనే ఊరు చేరాం. టిటికాకా సరస్సు ఒడ్డున ఉంటుంది పూనో. సరస్సు సగం పెరూది, సగం బొలీవియాది. విస్తీర్ణం 8,300 చదరపు కిలోమీటర్లకి పైమాటే. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనపడదు. సముద్రమే అనిపిస్తుంది, ఉప్పు వాసన లేదంతే.

హోటల్ పక్కనే ఒక ఏజెన్సీలో ఒక్క రోజు టూర్ బుక్ చేశాం. మనిషికి 80 సోల్స్, మన లెక్కలో సుమారు 1,800 రూపాయలు. గైడు, పడవ, భోజనం అన్నీ అందులోనే. పొద్దున్న ఏడింటికి బయల్దేరడం, ఊరోస్ తేలే దీవులు, అక్కడి నుంచి తకీలే దీవి, మెట్లెక్కడం, భోజనం, అల్లికలు చూడటం, సాయంత్రానికి వెనక్కి. షెడ్యూల్ కొల్లేటి చాంతాడంత ఉంది.

ఆ సామెత నా నోట్లోంచి అలవాటుగా వచ్చేసింది. మా రూమ్మేట్ గుంటూరు పిల్ల. నవ్వుతూ, "కొల్లేరు ఎప్పుడైనా చూశావా నువ్వు?" అంది.

"ఆఁ, చూశాలే" అని మాట మార్చేశాను. ఎందుకు మార్చానో తర్వాత చెప్తాను.

దీవి ఎలా కడతారంటే

పూనో రేవు నుంచి అరగంటలో ఊరోస్ దీవులు మొదలవుతాయి. రెల్లు మధ్య కాలువలాంటి దారి. మలుపు తిరగ్గానే పసుపు రంగు దీవులు, పసుపు రంగు ఇళ్ళు, ఎర్ర గులాబీ రంగు లంగాల్లో చేతులూపుతున్న ఆడవాళ్ళు. పడవలో ఉండగానే గైడు మాకు అయ్‌మారా భాషలో పలకరింపు నేర్పించారు. "కమిసరకి" అంటే బాగున్నారా. "వలికి" అంటే బాగున్నాం. ఊరోస్ వాళ్ళ సొంత భాష ఎప్పుడో పోయింది, ఇప్పుడు అందరూ మాట్లాడేది అయ్‌మారానే.

దీవి మీద కాలు పెడితే పరుపు మీద నడిచినట్టు ఉంటుంది. గుండ్రంగా గడ్డి బెంచీల మీద కూర్చోబెట్టారు. ఆ దీవి పెద్ద చిన్న బొమ్మ దీవి ఒకటి పెట్టుకుని, కట్టే పద్ధతి చూపించాడు. గైడు అనువాదం చేశారు.

ఇక్కడ పెరిగే గడ్డి పేరు తోతోరా. దాని వేళ్ళు అల్లుకుని దిమ్మల్లా తయారవుతాయి. వాటిని ఖిలి అంటారు. వానలకి నీళ్ళు పెరిగినప్పుడు ఆ దిమ్మలు పైకి లేస్తాయి. పెద్ద రంపంతో వాటిని కోసి, పడవలతో లాక్కొచ్చి, పక్కపక్కన పెట్టి కర్రలు దిగ్గొట్టి తాళ్ళతో కట్టేస్తారు. కొన్నాళ్ళకి వేళ్ళు ఒకదానిలోకి ఒకటి అల్లుకుని ఒకటే అయిపోతాయి. దాని మీద కోసిన తోతోరాని అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పరుస్తారు. ఇంకా కొట్టుకుపోకుండా యూకలిప్టస్ గుంజలకి లంగరు వేస్తారు. ఇల్లు అదే గడ్డి, పడవ అదే గడ్డి. కాడ అడుగున తెల్లగా ఉండే భాగాన్ని ఒలుచుకుని తింటారు కూడా. నేనూ తిన్నాను. కీరదోసలా చప్పగా, చల్లగా ఉంది.

"అన్నదమ్ములు పోట్లాడుకుంటే రంపం తెచ్చి దీవిని రెండు ముక్కలు చేసుకుంటారు" అని గైడు చెప్తే అందరం నవ్వాం. తర్వాత ఫొటోలకి పది నిమిషాలు, కొనుక్కోవడానికి పది నిమిషాలు, గడ్డి పడవ ఎక్కాలంటే వేరే డబ్బులు.

ఆ పది నిమిషాల్లో అమ్మకి కాల్ చేశాను.

ఇద్దరు ఆడవాళ్ళ మాటలు

"కింద కుళ్ళిపోదటే? ఆ వదినగారిని అడుగు" అంది అమ్మ.

వదినగారంటే నా పక్కన ఎంబ్రాయిడరీ గుడ్డలు పరుచుకుని కూర్చున్న ఆవిడ. అమ్మ అడిగింది నేను ఇంగ్లీషులో చెప్పాను, గైడు అయ్‌మారాలో అడిగారు. ఆవిడ నా ఫోన్ వైపు తిరిగి, నాకు కాకుండా నేరుగా అమ్మకే చెప్పడం మొదలుపెట్టింది. అవును, కుళ్ళిపోతుంది. అడుగున నీళ్ళు తింటూనే ఉంటాయి, పైన మేం వేస్తూనే ఉంటాం. రెండు మూడు వారాలకోసారి కొత్త గడ్డి. వానాకాలంలో ఇంకా తొందరగా. వెయ్యడం ఆపేస్తే దీవి ఉండదు.

అమ్మ గట్టిగా తలూపింది. "మా అమ్మదీ అదే పని. వరదలు రాకముందే ఏటా ఇంటి చుట్టూ మట్టి పోసేది. పోసిందంతా నీళ్ళు తినేసేవి. మళ్ళీ పోసేది."

గైడు ఆశ్చర్యంగా నా వైపు చూశారు. "మీ అమ్మగారిది కూడా సరస్సేనా?"

మా రూమ్మేట్ కూడా నా వైపే చూస్తోంది.

అవును. మా అమ్మమ్మ వాళ్ళది కైకలూరు దగ్గర కొల్లేటి లంక. లంకంటే నీళ్ళ మధ్య మెరక మీద ఊరు. అమ్మ చిన్నప్పుడు వానాకాలం వస్తే ఎక్కడికెళ్ళాలన్నా తాటి దోనే. నేను హైదరాబాదులో ఇంజినీరింగ్ చదివిన నాలుగేళ్ళూ "మాది ఏలూరు" అనే చెప్పాను. హాస్టల్లో మొదటి వారంలోనే ఎవరో "కొల్లేరా, అక్కడంతా చేపల కంపే కదా" అన్నారు. ఆ రోజే నోరు మూసుకున్నాను. సెలవులకి ఒక్క ఫ్రెండుని కూడా అమ్మమ్మ ఇంటికి తీసుకెళ్ళలేదు.

అలాంటిదాన్ని, ఇప్పుడు డబ్బులిచ్చి మరీ ఇంకొకళ్ళ లంక చూడ్డానికి వచ్చాను.

ఆవిడ అమ్మని ఇంకో మాట అడిగింది. "ఇప్పటికీ అక్కడే ఉంటున్నారా?"

అమ్మ కాసేపు మాట్లాడలేదు. "లేదమ్మా. పిల్లల చదువులకని వచ్చేశాం."

"మా పెద్దమ్మాయి కూడా పూనో వెళ్ళిపోయింది" అంది ఆవిడ.

ఇంతలో పడవ హారన్ కొట్టింది. టైమ్ అయిపోయింది. ఆడవాళ్ళంతా వరసగా నిలబడి వీడ్కోలు పాట పాడారు. ప్రతి పడవకీ పాడతారు కాబోలు. ఆవిడ మాత్రం పాడుతూనే నా ఫోన్ వైపు చెయ్యూపింది.

నాటకమా?

తకీలే ఇంకా రెండు గంటల పైన ప్రయాణం. పడవలో మా వెనక సీట్లో ఒకాయన విసుక్కున్నాడు. ఇళ్ళ మీద సోలార్ ప్యానెళ్ళున్నాయి, చేతుల్లో సెల్‌ఫోన్లున్నాయి, ఇదంతా టూరిస్టుల కోసం ఆడే నాటకం, అసలైనది కాదు అని.

నిజమే, కొంత నాటకం ఉంది. పాట మన కోసమే. రంగు లంగాలు ఆ రోజు అంత కొత్తగా మెరవడం మన కోసమే. కానీ గడ్డి కొయ్యడం నాటకం కాదు. మోసేవాడి నడుం నొప్పి కూడా నాటకం కాదు. సోలార్ దీపం ఎందుకు వద్దంటాం చెప్పండి? గడ్డి ఇంట్లో కొవ్వొత్తి పెట్టుకోమంటామా? మన ఫొటో బాగా రావాలని మా అమ్మని గ్యాస్ మానేసి కట్టెల పొయ్యి ఊదమంటే నేను ఊరుకుంటానా?

అడగాల్సింది ఇంకో ప్రశ్న అని తకీలేలో తెలిసింది.

టోపీ చెప్పే కబురు

తకీలే తేలే దీవి కాదు, రాతి కొండ. రేవు నుంచి ఊళ్ళోకి 500 మెట్ల పైనే ఎక్కాలి. ఆ ఎత్తులో పది మెట్లకే ఆయాసం వస్తుంది. మనం రొప్పుతుంటే పక్క నుంచి ఒక తాత బస్తా మోసుకుంటూ వెళ్ళిపోతాడు.

ఇక్కడ భాష కెచువా. అల్లిక మగవాళ్ళ పని. నడుస్తూ, కబుర్లాడుతూ సూదులతో టోపీ అల్లుతూనే ఉంటారు. టోపీ మొత్తం ఎర్రగా ఉంటే పెళ్ళయినవాడు. పైభాగం తెల్లగా ఉంటే ఇంకా కాలేదని. స్టేటస్ నెత్తిమీదే ఉంటుందన్నమాట! ఆడవాళ్ళు మగ్గం మీద వెడల్పాటి నడికట్లు నేస్తారు. ఏ నెలలో ఏ పని అన్నది వాటి మీద బొమ్మలుగా ఉంటుంది. ఈ నేత కళని యునెస్కో 2005లో గుర్తించింది.

భోజనానికి కీన్వా సూపు, వేయించిన ట్రౌట్ చేప, అన్నం, మున్యా ఆకుల టీ. చేప తినని వాళ్ళకి ఆమ్లెట్. ఊరి మధ్యలో అందరిదీ కలిపి ఒకటే సహకార దుకాణం. ధర రాసి ఉంటుంది, బేరం లేదు.

అన్నీ బాగున్నాయి కదా అని గైడుని అడిగాను. "మనం వచ్చిన పడవ ఎవరిది?"

"పూనో ఏజెన్సీది" అన్నారాయన. తర్వాత కాస్త గొంతు తగ్గించి విషయం చెప్పారు. 1970ల చివర్లో తకీలే వాళ్ళు తామే పడవలు కట్టుకుని టూరిస్టుల్ని తెచ్చుకునేవాళ్ళు. టికెట్ డబ్బు ఊళ్ళోనే ఉండేది. 1990లలో ప్రభుత్వ విధానం మారింది. ఎవరైనా పడవ నడుపుకోవచ్చన్నారు. పెద్ద ఇంజన్లున్న ఏజెన్సీలు దిగాయి. దీవి వాళ్ళదే, నేత వాళ్ళదే. వచ్చే డబ్బులో పెద్ద ముక్క మాత్రం ఒడ్డునే ఆగిపోతోంది.

ఈ కథ నాకు బాగా తెలుసు. మా లంకల చుట్టూ చేపల చెరువులు తవ్వినప్పుడూ నీళ్ళు ఊరివే, లాభం ఎక్కువగా లీజు పట్టినవాళ్ళది. 1999లో కొల్లేరు అభయారణ్యం అయింది, 2006లో చెరువుల గట్లు తెగ్గొట్టారు. ఆ గొడవల మధ్య అమ్మమ్మ అనేది: "పక్షుల్ని చూడ్డానికి వస్తారు, చేపలు కొనడానికి వస్తారు, మీరెలా ఉన్నారని ఒక్కడూ అడగడు." టిటికాకా, కొల్లేరు రెండూ రామ్‌సర్ జాబితాలో ఉన్న చిత్తడి నేలలే. ఆ సంగతి నేను తిరుగు ప్రయాణంలో పడవలో కూర్చుని ఫోన్‌లో చదివాను. తోతోరా కూడా మన తుంగ కుటుంబానిదేనట.

మీరు వెళ్తే

కుస్కోలోనో పూనోలోనో ఒకట్రెండు రోజులు ఉండి ఎత్తుకి అలవాటు పడండి. తొలిరోజే మెట్లెక్కొద్దు. చలికోటు, టోపీ, సన్‌స్క్రీన్ తప్పనిసరి. కోకా టీ అక్కడ మామూలే, ఆకులు మాత్రం బ్యాగులో వేసుకుని రాకండి, బయట దేశాల్లో నేరం. వీసా నిబంధనలు వెళ్ళేముందు చూసుకోండి. చిల్లర సోల్స్ దగ్గర పెట్టుకోండి. ఫొటో తీసే ముందు అడగండి.

ముఖ్యంగా, ఏజెన్సీ కాకుండా పూనో రేవులో దీవుల వాళ్ళే నడిపే పడవలకి నేరుగా టికెట్ కొనుక్కోవచ్చు. నెమ్మదిగా వెళ్తాయి. వీలైతే ఒక రాత్రి వాళ్ళింట్లోనే ఉండండి, అద్దెకి గదులిస్తారు. నేను ఆ రెండూ చెయ్యలేదు. అందుకే చెప్తున్నాను.

ఆ రాత్రి హోటల్ నుంచి అమ్మకి మళ్ళీ ఫోన్ చేశాను. అక్కడ తెల్లారింది. డిసెంబర్లో వస్తున్నానని, రూమ్మేట్‌తో పాటు ఇద్దరు కాలేజీ ఫ్రెండ్స్ కూడా వస్తారని, అందరం లంకకి వెళ్దామని చెప్పాను.

అమ్మ కాసేపు ఆగి అంది. "వస్తే రండి గానీ, తాటి దోనెలు ఇప్పుడెక్కడివే? ఫైబర్ పడవే ఉంటుంది. ఫర్వాలేదా?"

"ఫర్వాలేదమ్మా" అన్నాను. "పడవ ఎవరిది?"

"మీ మావయ్యదే" అంది అమ్మ.