రోటి పచ్చడికి నల్ హైపోథిసిస్

రోటి పచ్చడి రుచి మిక్సీ పచ్చడికి రాదని మీ ఇంట్లో ఎవరో ఒకరు అనే ఉంటారు. సరే, తినగానే ఏది ఏదో నిజంగా చెప్పగలరా? నవ్వకండి. స్టాటిస్టిక్స్ కొత్తగా చదివే పిల్లలకి టెస్టింగ్ నేర్పడానికి ఇంతకన్నా మంచి లెక్క నాకు కనబడలేదు. పాఠ్యపుస్తకంలో ఎప్పుడూ ఆ బల్బుల ఫ్యాక్టరీయే. ఆ బల్బులు ఎన్ని గంటలు వెలిగితే పిల్లలకేం? సూత్రంలో అంకెలు వేస్తారు, టేబుల్ చూస్తారు, ‘రిజెక్ట్’ అని రాసి పేజీ తిప్పేస్తారు.

ఈ పచ్చడి తగువుకి పెద్ద చరిత్రే ఉందండోయ్. 1920ల్లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో మ్యూరియల్ బ్రిస్టల్ అనే శాస్త్రవేత్త ఉండేవారు. కప్పులో ముందు పాలు పోశారో టీ పోశారో తాగి చెప్పేస్తానన్నారావిడ. అక్కడే పనిచేసే రోనాల్డ్ ఫిషర్ అయితే చూద్దామన్నాడు. 1935లో అచ్చయిన ‘ది డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్’ పుస్తకంలో ఆ ఎనిమిది కప్పుల ప్రయోగానికి ఏకంగా ఒక అధ్యాయం కేటాయించాడు. తీరా చూస్తే ఆవిడ ఎన్ని సరిగ్గా చెప్పిందో అందులో లేదు. ఎన్ని చెబితే నమ్మాలో మాత్రం ఉంది. ఆయనకి కావలసింది అదే మరి.

మన వంటింట్లో చేద్దాం. ఎనిమిది గిన్నెలు పెట్టండి. నాలుగింట్లో రోటి పచ్చడి, నాలుగింట్లో మిక్సీది. ఉప్పూ కారం తాలింపూ అన్నింటికీ ఒకే పాళ్లు. చీటీలు తీసి గిన్నెల వరస తేల్చండి. బామ్మగారి కళ్లకి గంతలు కట్టండి. నాలుగు రోటివని ఆవిడకి ముందే చెప్పి, అవేవో ఏరమనండి. “పలుకు నాలిక్కి తగిలి తెలిసిపోతే?” అంటారా? తెలియనివ్వండి, అదీ రోటి మహిమే. చూసి చెప్పకూడదు, అంతే.

ఇక్కడ నల్ హైపోథిసిస్ ఏమిటంటే, బామ్మగారు గుడ్డిగా ఊహిస్తున్నారని. ఎనిమిదింట్లోంచి నాలుగు ఏరడానికి 70 దారులున్నాయి. సరైన దారి ఒక్కటే. ఊహించి చెప్పేవాళ్లకి నాలుగూ కుదిరే అవకాశం 70లో 1, అంటే దాదాపు 1.4 శాతం. పి-వాల్యూ అంటే ఇదే: నల్ నిజమైతే ఇంతగా గానీ ఇంతకన్నా బాగా గానీ కుదిరే అవకాశం. మూడు పట్టుకుని ఒకటి తప్పారనుకోండి, “నాలుగింట మూడు చెప్పింది కదా పాపం” అని మనవరాలు వెనకేసుకొస్తుంది. లెక్క ఒప్పుకోదు. ఉత్త ఊహతో మూడు గానీ నాలుగు గానీ కుదిరే అవకాశం 70లో 17, అంటే 24 శాతం. నాలుగిళ్లలో ఒకింట ఏ నాలికా లేకుండానే అంత వస్తుంది.

అయితే బామ్మగారికి తేడా తెలియదని తేలిపోయిందా? తేలలేదు! కోర్టువారు సంశయ లాభం కింద వదిలేస్తే ముద్దాయి నిర్దోషని రుజువైనట్టు కాదు కదా. ఎనిమిది గిన్నెల సాక్ష్యం చాలలేదని మాత్రమే అర్థం. నల్‌ని కొట్టెయ్యలేకపోయాం అనాలి గాని, నల్ నిజం అనకూడదు. ఇంకో మెలిక కూడా ఉంది. నాలుగూ సరిగ్గా చెప్పినా, బామ్మగారు ఊహించి ఉండే అవకాశం 1.4 శాతం అనకూడదు. ఊహిస్తున్నారనే అనుకుంటే ఇలా కుదిరే అవకాశం 1.4 శాతం, అంతే. ఈ రెంటినీ కలిపేసేవాళ్లు ఎంతమందంటే, అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2016లో ప్రత్యేకంగా ఒక ప్రకటన చేసి మరీ చెప్పవలసి వచ్చింది.

పి-వాల్యూ ఐదు శాతం కన్నా తక్కువైతే నల్‌ని కొట్టెయ్యడం రివాజు. ఆ ఐదు శాతం గీత సంగతీ చూద్దాం. నాణెం వందసార్లు ఎగరేస్తే 60 సార్లు బొమ్మ పడిందనుకోండి. నార్మల్ టేబుల్‌తో చేస్తే పి-వాల్యూ 4.6 శాతం, నాణెంలో లోపముందన్నమాట. బైనామియల్‌తో కచ్చితంగా లెక్కిస్తే 5.7 శాతం, తీర్పు తిరగబడింది! నాణెం అదే, పడిన బొమ్మలూ అవే. అందుకే గీతకి ఇటా అటా అన్నదొక్కటే చెప్పి ఊరుకోకుండా పి-వాల్యూ ఎంతో కూడా రాయాలి.

ఇప్పుడు కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్‌కి, అంటే అసలు విలువ ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా ఉండొచ్చో చెప్పే హద్దులకి వద్దాం. దీనికి గ్యాస్ సిలిండర్ చాలు. తొమ్మిది సిలిండర్లు ఎన్నేసి రోజులు వచ్చాయో క్యాలెండరు మీద గుర్తుపెట్టారు. సగటు 42 రోజులు, స్టాండర్డ్ డీవియేషన్ 6 అనుకుందాం. ఇంత చిన్న శాంపిల్‌కి టి-టేబుల్ కావాలి. ఆ టేబుల్ పెట్టినవాడు డబ్లిన్‌లో గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి విలియం గాసెట్. 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో వ్యాసం ప్రచురించాడు. ఎనిమిది డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి విలువ 2.306. ఆరుని తొమ్మిది వర్గమూలంతో భాగిస్తే రెండు. కాబట్టి 95 శాతం ఇంటర్వెల్ 37.4 నుంచి 46.6 రోజులు.

చూశారా, ఇది టెస్ట్ కన్నా మాటకారి. పక్కింటావిడ “మీకు సగటున 45 రోజులు రావాలే” అంటే కాదనలేం. “50 రావాలి” అంటే ఐదు శాతం స్థాయిలో కొట్టెయ్యొచ్చు. ఒక్క ఇంటర్వెల్‌తో ఎన్ని టెస్టులు అయిపోయాయో! అయితే రేపు పెట్టే సిలిండర్ 37 రోజులకి ముందు అయిపోదని ధీమాగా ఉండకండి. ఇది సగటుకి సంబంధించిన మాట. రాబోయే ఒక్క సిలిండర్‌కి లెక్క వేస్తే 27 నుంచి 57 రోజుల దాకా సాగుతుంది.

ఆ 95 శాతం ఎక్కడిదంటారా? అరవైమంది పిల్లల చేత మంచి నాణెం వందేసిసార్లు ఎగరేయించి, బొమ్మ పడే అవకాశానికి 95 శాతం ఇంటర్వెళ్లు కట్టించండి. సుమారు ముగ్గురి ఇంటర్వెల్‌లో సగం అన్న విలువ ఉండదు. వాళ్లని కసరకండి, లెక్క తప్పలేదు. ఆ 95 పద్ధతికి దక్కిన మార్కు, ఏ ఒక్క ఇంటర్వెల్‌కీ కాదు.

ఇవన్నీ ఎక్కడో సీమదొరల లెక్కలనుకోకండి. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో ఆ ఫిషర్ దగ్గరే పరిశోధన చేశారు. 1948లో ఆయన ప్రతిపాదించిన పరీక్ష ‘రావు స్కోర్ టెస్ట్’ పేరుతో ఈనాటికీ పాఠ్యపుస్తకాల్లో ఉంది.

అంచేత చదువుకునే పిల్లలకి ఒక్క మాట. కూడికలూ వర్గమూలాలూ కాలిక్యులేటర్ చూసుకుంటుంది. మీరు మాత్రం డేటా చేతికి రాకముందే నల్ ఏమిటో, ఎంత వస్తే నమ్ముతారో కాగితం మీద పెట్టండి. లెక్క అయ్యాక ‘రిజెక్ట్’ అన్న ఒక్క మాటతో ఆగకుండా, స్టాటిస్టిక్స్ చదవని మీ అమ్మకి కూడా అర్థమయ్యేలా ఫలితాన్ని ఒక పూర్తి తెలుగు వాక్యంలో రాయండి. ఆ వాక్యం రాయడం రాకపోతే లెక్క రానట్టే.